పది సెంటీమీటర్ల పేరు

ఆర్కిటెక్టు తన పేరును ఎంత పెద్ద అక్షరాలతో రాసుకోవచ్చో మన దేశంలో ఒక నియమం ఉంది. 1989లో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం ఆఫీసు గుమ్మం మీదో, తాను గీసిన భవనం ముందరో పేరు పెట్టుకోవచ్చు. అక్షరం ఎత్తు మాత్రం పది సెంటీమీటర్లు దాటకూడదు. తన సేవల గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదు. పని కోసం వెంటపడకూడదు. ఈ నియమం రాసిన పెద్దమనిషి ఎవరో గానీ మహా మర్యాదస్తుడు. స్కేలు పెట్టి కొలిచి మరీ వినయం నేర్పాడు.

హన్మకొండలో మా ఆఫీసు మెట్లు దిగి రోడ్డెక్కితే కరెంటు స్తంభాల నిండా ఫ్లెక్సీలే. 'ఇచ్చట వాస్తు ప్రకారం ఇంటి ప్లాన్లు, త్రీడీ ఎలివేషన్లు, పర్మిషన్లు, బ్యాంకు ఎస్టిమేట్లు చేయబడును.' ఒక్కో అక్షరం అడుగున్నర ఉంటుంది. పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్న యజమాని నిలువెత్తు ఫొటో. అతనికి పది సెంటీమీటర్ల బాధ లేదు. ఎందుకంటే అతను ఆర్కిటెక్టు కాడు, నియమం కౌన్సిల్ రిజిస్టరులో పేరున్నవాళ్లకే.

మరి అతను ఇల్లు గీయొచ్చా? నిక్షేపంగా గీయొచ్చు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టంలో 37వ సెక్షను కాపాడేది పేరును మాత్రమే. రిజిస్టరులో లేనివాళ్లు తమను ఆర్కిటెక్టులమని చెప్పుకోకూడదు. చెప్పుకుని దొరికితే మొదటిసారికి 500 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో అది గట్టి మొత్తమే. ఇవాళ ఆ డబ్బుకి రెండు బస్తాల సిమెంటు రాదు. ఈ సెక్షను అర్థమేమిటని ఏళ్లపాటు కోర్టుల్లో వాదనలు నడిచాక 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. నోయిడా అథారిటీలో ఆర్కిటెక్చర్ పట్టా లేని ఒక ఉద్యోగికి అసోసియేట్ ఆర్కిటెక్టు పోస్టు ఇవ్వడం మీద వచ్చిన కేసు అది. చట్టం నిషేధించింది ఆ పేరు పెట్టుకోవడాన్నే, భవనాలకు నమూనాలు గీయడాన్ని కాదు అన్నది తీర్పు సారం. పోస్టు పేరులో ఆ మాట ఉండరాదు, పని చేసుకోవచ్చు. డాక్టరు కానివాడు మందులు రాస్తే పోలీసులొస్తారు. వకీలు కానివాడు నల్లకోటేసుకుని వాదించబోతే జడ్జి బయటికి పంపిస్తాడు. ఇల్లు మాత్రం ఎవరైనా గీయొచ్చు.

మా వృత్తి మిత్రులు నలుగురు కలిసిన చోట ఈ తీర్పు ప్రస్తావన వస్తే చాలు, టీలు చల్లారిపోతాయి. అయిదేళ్లు చదివి, నిద్రలు చెడగొట్టుకుని, కౌన్సిల్ రిజిస్టరులో నంబరు తెచ్చుకున్నది ఇందుకా అని ఆవేశపడతారు. నాకెందుకో అంత కోపం రాదు. నేను పుట్టి పెరిగిన పెంకుటిల్లు కట్టింది మేస్త్రీ, వడ్రంగీ. మండువాలోకి ఎండ ఎంత రావాలో, వసారా ఎంత వాలితే వాన జల్లు గుమ్మం దాటదో వాళ్లకు ఏ సెమిస్టరులోనూ చెప్పలేదు. ఇక్కడికి కాస్త దూరంలో పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఉంది. అడుగున ఇసుక నింపిన పునాది, పైన నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకల శిఖరం. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపలున్న దేవుడు రామలింగేశ్వరుడు. లోకం పిలుచుకునేది మాత్రం శిల్పి పేరుతో, రామప్ప గుడి అని. ఆయనకు కౌన్సిల్ నంబరు లేదు. అక్షరాల ఎత్తు ఎంతని అడిగినవాళ్లూ లేరు.

కాబట్టి నంబరు లేనివాళ్లు గీస్తున్నారన్నది నా దిగులు కాదు. నంబరు చేతికొచ్చిన రోజున మన పిల్లలకు ఏం వచ్చు అన్నదే నా దిగులు.

మన దగ్గర ఈ వృత్తికి కాపలా అంతా ముందు గేటు దగ్గరే ఉంది. ఇంటర్ ఎంపీసీ అయ్యీ అవకముందే నాటా ప్రవేశ పరీక్ష రాయాలి, లేదంటే జేఈఈలో ఆర్కిటెక్చర్ పేపరు. 2006లో మొదలైన నాటాలో ఇప్పుడు మొత్తం 200 మార్కులు, అందులో 80 చేతి బొమ్మకి. ఉద్దేశం మంచిదే. కంటితో చూసింది చేత్తో చెప్పగలరా లేదా అని చూస్తారు. కానీ మన కార్పొరేట్ కాలేజీల్లో రెండేళ్లపాటు పిల్లవాడి చేతికి పెన్సిలు దొరికేది ఓఎంఆర్ షీటు దగ్గరే. (ఇప్పుడు అదీ లేదు, అంతా మౌసే.) డ్రాయింగ్ పీరియడ్ ఆరో తరగతిలోనే లెక్కల మాస్టారికి ధారపోశారు. అందుకని వేసవిలో ఓ నెల రోజులు కోచింగు. అక్కడ వాన కురుస్తున్న బస్టాండు ఎలా వేయాలో, సంతలో బుడగలమ్మేవాణ్ణి ఏ మూల నిలబెట్టాలో, చెట్టు ఏ వైపు వంగాలో అన్నీ నేర్పిస్తారు. ఒకే కోచింగ్ సెంటరు నుంచి వచ్చిన పిల్లల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే అందరి సంతలోనూ అదే బుడగలవాడు, అదే చెట్టు కింద, అదే చెయ్యి ఎత్తి నిలబడి ఉంటాడు.

అమ్మానాన్నల సందేహాలు వేరు. 'అంటే సివిల్ ఇంజినీరింగేనా?' అన్నది మొదటిది. కాదండీ అని చెప్పి, తేడా వివరించడం మొదలుపెట్టగానే రెండోది: 'మరి అయిదేళ్లెందుకండీ, ఇంజినీరింగ్ నాలుగేళ్లేగా?' మూడోది వాళ్లు అడగరు. ర్యాంకు రాకపోవడం వల్ల ఇటు వచ్చామన్న సంగతి దాచుకోవడానికి టీ కప్పు వైపు చూస్తారు. అందులో తప్పేముంది, నా తరంలో సగం మంది అలా వచ్చినవాళ్లమే. దారి తప్పి వచ్చినవాళ్లలోనే మంచి ఆర్కిటెక్టులు ఎక్కువ కనబడతారని నాకో అనుమానం కూడా ఉంది.

ఆ అయిదేళ్ల చదువును నేను తక్కువ చేయను. హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులో 1940లో మొదలైన కళాశాల ఇప్పుడు జేఎన్ఏఎఫ్ఏయూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, 2008లో వచ్చిన విజయవాడ ఎస్పీఏ, ఇవన్నీ మన పిల్లల కళ్లు తెరిపించిన చోట్లే. మొదటి ఏడాది వాళ్లు గీతలు గీస్తారు, అవును, ఒట్టి గీతలు. చెయ్యి వణక్కుండా, మొదలూ చివరా ఒకే మందంతో. తర్వాత సన్‌బోర్డు కోస్తారు, వేళ్లు కోసుకుంటారు, ఫెవిక్విక్‌తో వేలికి వేలు అతికించుకుంటారు. సబ్మిషన్ ముందు రాత్రి నిద్ర ఉండదు. తెల్లారితే జ్యూరీ. గోడకు షీట్లు తగిలించి, ఎదురుగా కూర్చున్న నలుగురు పెద్దల ముందు నిలబడి 'నా కాన్సెప్టు ఏమిటంటే...' అని మొదలుపెట్టాలి. ఆ నలుగురూ ఆ రోజు టిఫిను తిన్నారా లేదా అన్నదాన్ని బట్టి మార్కులు అటూ ఇటూ అవుతాయని విద్యార్థి లోకంలో ఒక నమ్మకం. అటువైపు కుర్చీలో అప్పుడప్పుడూ కూర్చుంటాను కనుక, ఆ నమ్మకాన్ని పూర్తిగా ఖండించలేను.

జ్యూరీలో మాట నేర్చుకుంటారు, అది మంచిదే. కానీ చివరి ఏడాది థీసిస్ అంశాలు చూడండి. అంతర్జాతీయ విమానాశ్రయం, గిరిజన మ్యూజియం, బౌద్ధ ధ్యాన కేంద్రం, క్రికెట్ స్టేడియం, సినిమా మ్యూజియం. ఒక్కరంటే ఒక్కరైనా పడమటి ముఖం, రెండు వందల గజాల జాగా, కింద పార్కింగూ ఒక షాపూ, పైన తాము ఉండటానికి ఒక అంతస్తు, ఆ పైన అద్దెకు రెండు పోర్షన్లు, ఇద్దరు కొడుకులు, బ్యాంకు లోను, వెనకింటాయనతో గోడ తగాదా, ఇలాంటి థీసిస్ పెట్టుకోగా నేను చూడలేదు. పట్టా పుచ్చుకుని బయటికి రాగానే ఎదురయ్యేది అదే. విమానాశ్రయం ఎవరికో ఒకరికి, ఎప్పుడో ఒకసారి వస్తుంది. రెండు వందల గజాలు రేపు పొద్దున్నే వస్తాయి. నన్నడిగితే విమానాశ్రయం గీయడం తేలిక. అక్కడ అత్తగారూ కోడలూ ఒకే వంటింట్లో ఇమడాల్సిన పని లేదు.

అసలైన లోటు ఎక్కడుందంటే ప్రాక్టికల్ ట్రైనింగులో ఉంది. ఈ అయిదేళ్లలో ఒక సెమిస్టరు ఏదైనా ఆఫీసులో పనిచేసి నేర్చుకురమ్మని పంపుతారు. ఆ పిల్లలు చేసేదేమిటి? ఆటోక్యాడ్‌లో టాయిలెట్ డీటెయిళ్లు. మెట్ల లెక్కలు. డోరు, విండో షెడ్యూళ్లు. ప్రింట్లు తీసుకురావడం. పేరున్న పెద్ద ఆఫీసుల్లోనూ చాలాసార్లు అంతే. స్టయిపెండు గది అద్దెకు చాలితే అదృష్టం. కొన్ని చోట్ల అదీ ఇవ్వరు, 'మా పేరు నీ బయోడేటాలో ఉంటుంది కదమ్మా' అంటారు. ఇది వినడానికి బాగుండదు గానీ మా వృత్తిలో చాలా ఆఫీసులు నడుస్తున్నది ఈ పిల్లల రాత్రిళ్ల మీదే. సైటు చూపించేవాళ్లు తక్కువ. సైటుకు తీసుకెళ్తే ఆ పూట డ్రాయింగు ఆగిపోతుంది కదా!

మా దగ్గరికి ట్రైనింగుకి వచ్చిన ఒకమ్మాయి మంచి తెలివైంది. కాలేజీలో ఆమె పోర్టుఫోలియో చూసి నేనే అసూయపడ్డాను. ఒక ఇంటి ప్లానులో మెట్ల కింద చిన్న బాత్రూం పెట్టింది. కాగితం మీద ముచ్చటగా ఉంది, ఎక్కడా అంగుళం వృథా లేదు. ఆ ప్లాను పట్టుకుని సైటుకు వెళ్లాం. మా మేస్త్రి పాలమూరు మనిషి, చదువు అయిదో క్లాసు దగ్గర ఆగింది. ప్లాను అటూ ఇటూ తిప్పి, టేపు తీసి, మెట్ల ల్యాండింగు వచ్చే ఎత్తు ఇటుక మీద సుద్దతో గీత గీశాడు. 'మేడమ్, ఈ బాత్రూంల కూసోవచ్చు,' అన్నాడు మర్యాదగా. 'లేవరాదు.'

ఆమెకు వెంటనే అర్థమైంది. అంతస్తు ఎత్తు పదడుగులు. నడిమి ల్యాండింగు అయిదడుగుల మీద వస్తుంది. దాని స్లాబు మందం పోను కింద మిగిలేది నాలుగున్నర అడుగులు. ప్లానులో ఎత్తు కనబడదు. అది తెలియక కాదు, సెక్షను గీయడం ఆమెకు నాకంటే బాగా వచ్చు. కానీ ఆ నాలుగున్నర అడుగుల కింద తల వంచుకుని నిలబడటం ఇంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మేస్త్రే ఉపాయం కూడా చెప్పాడు. 'బేస్‌మెంటు రెండున్నర అడుగులున్నది గద మేడమ్, ఫ్లోరు కిందికి దింపుదాం. ఏడడుగులొస్తది.' ఆమె మొహం వెలిగింది. అప్పుడు నేను, ఫ్లోరు దింపితే పైపు కూడా దిగుతుంది కదా, రోడ్డు మీద డ్రైనేజీ చాంబరు మూత తీయించి లోతు చూసి రమ్మన్నాను. ఇద్దరూ వెళ్లి గడ్డపారతో మూత లేపి, కర్ర ముంచి, కొలత పట్టుకొచ్చారు. లోతు చాలదు. ఫ్లోరు నేలమట్టానికి దింపితే పైపుకు వాలు రాదు, పెద్ద వాన పడి వీధి నిండితే మురుగు మొట్టమొదట వచ్చేది ఆ బాత్రూంలోకే. చివరికి బాత్రూం పెరటి వైపు వెళ్లింది. మెట్ల కింద ఇన్వర్టరూ, చెప్పుల స్టాండూ మిగిలాయి.

తలకు తగిలే ఎత్తు, పైపు వాలు, వీధి మురుగు, ఇంటివాళ్ల అవసరం, ఇవి నాలుగు వేర్వేరు సబ్జెక్టులుగా ఆమె ముందే చదివి పాసయింది. నాలుగూ ఒకే గుంతలో కలిసి కనబడింది మాత్రం ఆ పూటే. మేస్త్రికి తలెత్తు తెలుసు గానీ చాంబరు లోతు దాకా ఆలోచన పోలేదు. ఆమెకు చాంబరు లోతు లెక్క వచ్చు గానీ తలెత్తు తట్టలేదు. ఆర్కిటెక్టు అవసరం ఏమిటని నన్నెవరైనా అడిగితే, ఇలాంటివి నాలుగూ గుంత తవ్వకముందే ఒకచోట కలిపి చూడగలగడం అంటాను. ఆ చూపు పరీక్ష హాల్లో రాదు. పక్కన ఎవరో ఒకరు నిలబడి 'మూత తీసి చూడు' అనాలి.

ఈ మాటంటే కుర్రాళ్లు వెంటనే కార్బూజియేను తీసుకొస్తారు. చండీగఢ్ నగరం గీసిన మనిషికి ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు కదా సార్, ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి లేదు కదా, బాక్సింగ్ రింగులోంచి వచ్చిన తడావో ఆండోకి 1995లో ప్రిట్జ్‌కర్ బహుమతి ఇవ్వలేదా అంటారు. నిజమే. స్విట్జర్లాండులో గడియారపు డబ్బాల మీద నగిషీ చెక్కడం నేర్చుకోవడానికి చేరిన పిల్లవాడే తర్వాత కార్బూజియే అయ్యాడు. కానీ అతను పారిస్‌లో ఓగుస్త్ పెరే దగ్గర, బెర్లిన్‌లో పీటర్ బెహ్రెన్స్ దగ్గర పనిచేశాడు. రైట్ షికాగోలో ఆడ్లర్, సలివాన్ల ఆఫీసులో ఏళ్ల తరబడి గీతలు గీశాడు. మన బాలకృష్ణ దోషి 1951లో పారిస్ వెళ్లి కార్బూజియే దగ్గర నేర్చుకుని, 1962లో అహ్మదాబాదులో ఆర్కిటెక్చర్ స్కూలు పెట్టి, 2018లో తానూ ప్రిట్జ్‌కర్ అందుకున్నాడు. వీళ్లకు పట్టాలు ఉన్నాయో లేవో గానీ గురువులున్నారు. ఆండో ఒక్కడే కాస్త వేరు. అతనికీ చిన్నప్పుడు ఒసాకాలో ఇంటి ఎదురుగానే వడ్రంగి కొట్టు ఉండేది.

మన చట్టానికి కూడా ఈ సంగతి ఒకప్పుడు తెలుసు. 1972 చట్టం కింద మొదటి రిజిస్టరు తయారుచేసేటప్పుడు గుర్తింపు పొందిన పట్టా లేకపోయినా, అంతకుముందు అయిదేళ్లకు తక్కువ కాకుండా ఆర్కిటెక్టుగా పని చేసినవాళ్లను చేర్చుకున్నారు. అంటే పనిచేసిన అనుభవాన్ని పట్టాతో సమానంగా లెక్కగట్టారు. ఆ తలుపు ఆ ఒక్కసారికే తెరిచి మూసేశారు. ఇప్పుడు లెక్క తిరగబడింది. పట్టా ఉంటే చాలు, అనుభవం ఒక్క రోజు లేకపోయినా దరఖాస్తు పెట్టుకుంటే నంబరు వస్తుంది. డిగ్రీకీ నంబరుకీ మధ్య మన దేశంలో పరీక్ష లేదు, పనిచేసి తీరాల్సిన ఏళ్లూ లేవు.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో బీఆర్క్ చేసి, అమెరికాలో మాస్టర్స్ చేసి, డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. లైసెన్సు కావాలంటే అనుభవం కింద 3,740 గంటలు చూపించాలి. ఊరికే గంటలు కాదు, ఆఫీసు నిర్వహణ నుంచి కట్టుబడి పర్యవేక్షణ దాకా ఆరు విభాగాల్లో పంచి, పైఅధికారి చేత ధ్రువీకరణ చేయించుకోవాలి. ఆపైన ఆరు పరీక్షలు. అవన్నీ దాటేవరకు ఆమె తన పేరు పక్కన ఆర్కిటెక్టు అని రాసుకోకూడదు, డిజైనర్ అనుకోవాలి. 'కాకా, మీకు ఫైనలియర్ అవ్వంగనే నంబరొచ్చింది, నాకు ముప్పై దాటినంక గూడ వస్తలేదు' అని ఫోన్లో ఏడిపిస్తుంది. అమెరికాలో ఆర్కిటెక్టులకు లైసెన్సు చట్టం మొదట తెచ్చింది ఇలినాయ్ రాష్ట్రం, 1897లో. ఒక కాలంలో అక్కడి పరీక్షలో హాల్లో పన్నెండు గంటలు ఏకబిగిన కూర్చుని ఒక భవనాన్ని చేత్తో గీసి ఇవ్వాల్సి వచ్చేదట. 1997 నుంచి అంతా కంప్యూటరు మీదే.

ఆమె పుస్తకాలు తిరగేస్తే నాకు ముచ్చటేసింది. ఆరింట్లో ఒక పరీక్ష మొత్తం ఆఫీసు నడపడం మీదే. ఇంకొకటి ప్రాజెక్టు నడపడం మీద. ఒప్పందంలో ఏం రాయాలి, కాంట్రాక్టరు తప్పుకు ఎవరు బాధ్యులు, ఫీజు ఎప్పుడు అడగాలి, మధ్యలో యజమాని మనసు మార్చుకుంటే అదనపు పనికి లెక్క ఎలా కట్టాలి. మన దగ్గర ఇవన్నీ ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అనే సబ్జెక్టులో ఉంటాయి. పరీక్ష ముందు రాత్రి చదివి, రాసి, మర్చిపోతారు. ఆ తర్వాత జీవితమంతా 'ప్లానే కద సార్, గీసియ్యండి, పైసలకేముంది' అన్న మాటకు ఏం జవాబు చెప్పాలో తెలియక నీళ్లు నములుతారు. ఫీజులో చివరి వాయిదా గృహప్రవేశం భోజనంతో చెల్లయిపోతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు, ఏ సిలబస్‌లోనూ లేదు.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనీ కాదు. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో ఒక కుటుంబం ఉండే ఇంటికి ఆర్కిటెక్టు అక్కర్లేదు. అంత కష్టపడి లైసెన్సు తెచ్చుకున్నా మామూలు మనిషి ఇల్లు అక్కడా మినహాయింపే. పైగా గంటల లెక్క ఎంత పక్కాగా ఉన్నా, ఆ గంటల్లో నేర్పినవాడు ఎలాంటివాడన్నది ఏ ఫారమూ చెప్పలేదు. కానీ ఒకటుంది. నేర్పడం ఎవరి బాధ్యతో అక్కడ కాగితం మీద పేరుంది. ఇక్కడ అదీ లేదు.

ఆ బాధ్యత లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో పర్మిషన్ల దగ్గర చూడండి. ఇల్లు ఎవరైనా గీయొచ్చు గానీ మున్సిపాలిటీ ఫైలు మీద సంతకానికి లైసెన్సున్న మనిషి కావాలి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగే జనానికి పెద్ద ఊరట, నేనూ సంతోషించాను. అయితే బరువంతా యజమాని నిజాయితీ మీదా, సంతకం పెట్టినవాడి నిజాయితీ మీదా పడింది. ఆంధ్రాలో ఎల్టీపీలు (లైసెన్సున్న సాంకేతిక నిపుణులు), ఇక్కడ మేం, అందరం కలిసి ఆ బరువు మోయాలి. మోస్తున్నామా? ఫ్లెక్సీవాడు గీసిన ప్లానుకు, సైటు మొహం చూడకుండా, ఇంతని పుచ్చుకుని సంతకం గీకిచ్చే నంబరువాళ్లు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉన్నారు. నంబరు లేకుండా గీసేవాడి కంటే నంబరు అద్దెకిచ్చేవాడే ఈ వృత్తికి ఎక్కువ చేటు. ఫ్లెక్సీవాడు కనీసం సైటుకు వెళ్తాడు.

ఇంకో పరీక్ష సంగతి చెప్పకుండా ఉండలేను. అది మౌఖికం, నిర్వహించేవారు సిద్ధాంతిగారు. ప్లాను అంతా అయ్యాక యజమాని ఆయన్ను తీసుకొస్తాడు. ఆయన ఆయం లెక్క కడతారు, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా చూస్తారు, మెట్లు నైరుతిలో ఎందుకు లేవంటారు. అమెరికా వాళ్ల ఆరు పరీక్షలకూ కలిపి రానంత చెమట ఈ ఒక్కదానికే పడుతుంది. ఫెయిలైతే మళ్లీ మొదటినుంచి గీయాల్సిందే, ఆ గీసినందుకు ఫీజు లేదు. ఒప్పుకోవాల్సిన సంగతి ఏమిటంటే, ఇంటివాళ్ల భయాలూ ఆశలూ ఏమిటో నాకు ఎక్కువసార్లు తెలిసింది ఆయన ఎదుట కూర్చున్నప్పుడే. మేం కాన్సెప్టు అడుగుతాం. ఆయన 'ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండట్లేదా?' అని అడుగుతారు. ఆ ప్రశ్న మా పిల్లలకు ఎవరూ నేర్పరు.

మన దేశంలోనూ డిగ్రీ తర్వాత ఒక పరీక్ష పెట్టాలనే మాట ఎప్పటికప్పుడు వినిపిస్తుంటుంది. నాకు సమ్మతం కాదు. పరీక్ష పెట్టిన మర్నాడే అమీర్‌పేటలో కోచింగు మొదలవుతుంది. బుడగలవాడి స్థానంలో ఫుటింగు డీటెయిలు వస్తుంది, అందరి కాగితాల మీదా ఒకే ఫుటింగు. నంబరు ఇచ్చే ముందు రెండేళ్లు ఎవరో ఒకరి దగ్గర పనిచేయాలని నియమం పెట్టాలి. ఆ రెండేళ్లలో ఒక పునాది, ఒక స్లాబు, ఒక వానాకాలంలో కారిన గోడ, ఒక పర్మిషను ఫైలు, ఒక ఫీజు తగాదా దగ్గరుండి చూసినట్టు నేర్పినవాడి సంతకం ఉండాలి. నేర్పినవాడు అబద్ధపు సంతకం పెడితే అతని నంబరే పోవాలి. ఇందుకు పార్లమెంటులో చట్టం మారాలంటే ఎప్పటికవుతుందో! ఆఫీసులు మాత్రం రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలకు బతకగలిగేంత స్టయిపెండు ఇవ్వడానికి, వారంలో ఒక పూట సైటుకు తీసుకెళ్లడానికి ఏ కౌన్సిలూ అడ్డు రాదు.

ఇల్లు కట్టుకోబోతున్నవాళ్లకు కూడా ఒక మనవి. మీ ప్లాను గీసేది నంబరున్న ఆర్కిటెక్టు అయినా, ఫ్లెక్సీ మీది మనిషి అయినా, ముందు త్రీడీ బొమ్మ చూపించమని అడక్కండి. పునాది తవ్విన రోజున, స్లాబు పోసే రోజున, డ్రైనేజీ పైపు కలిపే రోజున సైటుకు ఎవరొస్తారని అడగండి. వచ్చేవాళ్ల పేరు కాగితం మీద రాయించుకోండి, వచ్చిన ప్రతిసారికీ డబ్బు ఇవ్వండి. వాళ్ల వెనక ఒక అమ్మాయో అబ్బాయో నోటుబుక్కు పట్టుకుని వస్తే, పనికి అడ్డమని బయట నిలబెట్టకుండా లోపలికి రానివ్వండి.